అనంతపురం ఎండల్లో హవాయి ఎర్ర రొయ్యలు

అనంతపురంలో అక్వేరియం అనగానే మొదట వచ్చే ప్రశ్న నీళ్లది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు మనది, అది కూడా అన్ని ఏళ్లూ పడదు. ఎండాకాలంలో కొళాయి ఏ పూట వదులుతారో తెలియక బిందెలు వరుసగా పెట్టుకునే వీధుల్లో, వారానికోసారి ట్యాంకులోంచి పావు వంతు నీళ్లు తీసి పారబోసి మళ్లీ కొత్తవి పోయాలంటే చేతులు రావు. నాకూ రాలేదు, అందుకే చేపల జోలికి చాలా కాలం పోలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న ట్యాంకు వేరే రకం. దీనికి వారం వారం నీళ్లు మార్చే పని లేదు, ఫిల్టర్ లేదు, కరెంటు పోతే టెన్షన్ లేదు. అందులో ఉన్నవల్లా చిటికెనవేలి గోరంత ఎర్ర రొయ్యలు, నల్లరాళ్లు, కొంచెం నాచు, సముద్రపు నీళ్లలో సగం ఉప్పదనం ఉన్న నీళ్లు. మన సీమకు సరిగ్గా సరిపోయే అక్వేరియం ఇదేనని నా గట్టి నమ్మకం. ఎందుకో, ఎలా పెట్టుకోవాలో, పిల్లలెలా పుడతాయో అన్నీ ఇక్కడ రాస్తున్నా.

వీటి పేరు ఓపయ్ ఉలా. శాస్త్రీయ నామం హాలోకారిడినా రూబ్రా, 1963లో హోల్తుయిస్ అనే డచ్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. హవాయి దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇవి సహజంగా ఉండవు. అక్కడ సముద్రం ఒడ్డుకు దగ్గర్లో, ఎప్పుడో లావా పారి గట్టిపడిన నేలలో చిన్న చిన్న గుంటలుంటాయి. పైన చూస్తే సముద్రానికీ ఆ గుంటకీ మధ్య ఏ కాలువా ఉండదు. కానీ అడుగున రాతి పగుళ్లలోంచి ఒక పక్క సముద్రపు నీళ్లు, ఇంకో పక్క కొండల మీద కురిసి భూమిలోకి ఇంకిన వాననీళ్లు వచ్చి కలుస్తుంటాయి. సముద్రం పోటెత్తితే గుంటలో మట్టం లేస్తుంది, ఆటుకు దిగుతుంది, దాంతోపాటు ఉప్పదనం కూడా మారుతుంది. రొయ్యలు ఆ పగుళ్ల చీకట్లోనూ ఉంటాయి, మేత కోసం వెలుతురున్న గుంటల్లోకీ వస్తాయి. బేలం గుహల్లో పాతాళగంగ దాకా దిగి, ఆ నీళ్లు రాతి లోపలికి ఎటు పోతున్నాయా అని తొంగి చూసినవాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. భూమి లోపల నీళ్లకు వాటి దారులు వాటికుంటాయి, ఆ దారుల్లో బతికే ప్రాణులూ ఉంటాయి.

ఇలాంటి చోట పుట్టిన ప్రాణి కాబట్టే దీనికి అంత ఓర్పు. దాదాపు మంచినీళ్ల దగ్గర నుంచి పూర్తి సముద్రపు నీళ్ల దాకా ఏ ఉప్పదనానికైనా సర్దుకుంటుంది, మార్పు మెల్లగా జరిగితే చాలు. తిండి కూడా చానా తక్కువ. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్ల దాకా బతికిన దాఖలాలున్నాయి. పొడవు చూస్తే ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు, అంతే. మా పక్కింటి పెద్దాయన మొదటిసారి చూసినప్పుడు ట్యాంకు ముందు వంగి కాసేపు నిలబడి "ఏమప్పా, ఇవి కూరకు ఎప్పుడొస్తాయి?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, రొయ్య అంటే మనకు తెలిసింది కోస్తా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే వనామీయే. ఇవి ఇంతకన్నా పెరగవు అని చెబితే కూర సంగతి వదిలేశాడు కానీ, ఇప్పటికీ వచ్చినప్పుడల్లా వాటిని పలకరించకుండా పోడు.

దగ్గరికి పోయి చూడాల్సింది వాటి చేతుల్ని. ముందు రెండు జతల కాళ్ల చివర బుల్లి పట్టకార్లు ఉంటాయి, వాటి కొసల్లో కుచ్చులాగా సన్నటి వెంట్రుకలు. వాటితో రాతిని గీకుతాయి, గీకినదాన్ని నోట్లో పెట్టుకుంటాయి, మళ్లీ గీకుతాయి. ఒక చేయి నోటి దగ్గర ఉంటే ఇంకో చేయి రాతి మీద ఉంటుంది, క్షణం కూడా ఆగవు. భూతద్దం పెట్టి చూస్తే గీకిన చోట నాచు పలచబడి సన్నటి చారలు కూడా కనిపిస్తాయి. నీళ్లలో తేలే నలుసుల్ని కూడా ఆ కుచ్చులతోనే వడగట్టి తింటాయి. రాతి మీద, గాజు మీద పట్టే పలచటి జిగురు పొర, నాచు, బ్యాక్టీరియా, ఇదే వాటి అసలు తిండి. సొంత ఊళ్లో కూడా ఆ గుంటల రాళ్ల మీద పట్టే నారింజ రంగు పొరను ఇలాగే మేస్తాయి. కాబట్టి గాజు మీద పచ్చగా పట్టిందని తుడిచేయకండి. మనకు బయటి నుంచి చూడ్డానికి ముందు వైపు ఒక్కటి తుడుచుకుంటే చాలు, మిగతా మూడు వైపులూ వాటి పొలం.

ఇక ఉప్పు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది ఒకటే, వంటింట్లో కల్లుప్పు ఉంది కదా, అది కూడా సముద్రం నుంచే కదా వచ్చింది, అది వేస్తే పోలా అని. పోదు. సముద్రపు నీళ్లలో కరిగి ఉన్న లవణాల్లో బరువు లెక్కన సుమారు 85 శాతం సోడియం, క్లోరైడ్. మిగిలిన 15 శాతంలో సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వగైరా. ఉప్పు మడుల్లో నీళ్లు ఎండేటప్పుడు ఇవన్నీ ఒకేసారి గట్టిపడవు. ముందు కాల్షియం కార్బొనేటు, ఆ తర్వాత జిప్సం అడుగుకు దిగిపోతాయి, తర్వాత ఉప్పు స్ఫటికాలు కడతాయి, మెగ్నీషియం, పొటాషియం చాలావరకు చివరికి మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతాయి, ఆ నీళ్లను పారబోస్తారు. అంటే మనం కొనే కల్లుప్పు సముద్రంలోంచి వచ్చిందే కానీ, సముద్రం మొత్తం అందులో లేదు. రొయ్య పాత పెంకు విడిచి కొత్త పెంకు గట్టిపరుచుకోవాలంటే కాల్షియం కావాలి, ఒంట్లో లవణాల సమతూకం నిలవాలంటే మెగ్నీషియం, పొటాషియం కావాలి. అందుకే మెరైన్ అక్వేరియంలకు అమ్మే సాల్ట్ మిక్స్ మాత్రమే వాడాలి. ఒక్కసారి కొంటే ఇలాంటి చిన్న ట్యాంకుకు ఏళ్ల తరబడి వస్తుంది, ఖర్చు అనుకోవాల్సిన పని లేదు. గాలి తగలకుండా మూత బిగించి పెట్టుకోండి, తేమ పీల్చుకుంటే గడ్డకడుతుంది.

ప్యాకెట్ మీద పూర్తి సముద్రపు నీళ్లకు లీటరుకు ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, అందులో సగం కన్నా కాస్త తక్కువ వేసుకోండి. లీటరు నీళ్లకు 15 గ్రాముల చుట్టుపక్కల ఉప్పు ఉండాలన్నది లెక్క. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మీద చూస్తే 1.010 నుంచి 1.012 మధ్య ఉంటుంది. రిఫ్రాక్టోమీటర్ అయితే ఇంకా కచ్చితం, కానీ పండ్ల తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ వేరు, ఉప్పు కొలిచేది వేరు. మన దగ్గర పండ్ల తోటలు ఎక్కువ కాబట్టి తీపి కొలిచేది తెలిసినవాళ్ల దగ్గర దొరికినా దొరకొచ్చు, దాని స్కేలు దీనికి పనికిరాదు. వాడే ముందు శుభ్రమైన నీటి చుక్క వేసి సున్నా చూపిస్తుందో లేదో సరిచూసుకోవాలి. ఉప్పును బకెట్లో విడిగా కలిపి, పూర్తిగా కరిగాక, ఒక రోజు ఆగి ట్యాంకులో పోయాలి. రొయ్యలున్న నీళ్లలోకి గుప్పెడు ఉప్పు నేరుగా ఎప్పుడూ వేయకూడదు.

ఉప్పు కలపడానికి నేను వీధి చివర ప్లాంటు నుంచి తెచ్చే ఆర్వో నీళ్లే వాడతాను. పీఏబీఆర్, అంటే పెన్నా అహోబిలం రిజర్వాయర్ నుంచి వచ్చే కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది పోగొట్టుకోవాలి. బోరు నీళ్ల సంగతి మనందరికీ తెలిసిందే, ఈ జిల్లాలో ఫ్లోరైడ్ ఎంతమంది ఎముకలు తినేసిందో చూస్తూనే పెరిగాం. ఆర్వో నీళ్లైతే లోపల ఏముందో మనకు తెలుస్తుంది, అన్నీ మనం వేసినవే. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. తాగడానికి రాత్రి రాగి బిందెలో పట్టిపెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, ఆ నీళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ ట్యాంకులోకి రాకూడదు. మనిషికి ఏమీ కాని రాగి మోతాదు రొయ్యకు విషం. ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి, నీళ్లు తగ్గాయి కదా అని ప్రేమగా చెంబుతో పోసేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు.

ఆ పోయడం దగ్గరే అసలు కిటుకంతా ఉంది. ట్యాంకులోంచి ఆవిరై పోయేది నీళ్లు మాత్రమే, ఉప్పు ఎక్కడికీ పోదు. పది లీటర్ల నీళ్లలో 150 గ్రాముల ఉప్పు ఉందనుకోండి, లీటరుకు 15 గ్రాములు. మన ఎండలకు రెండు లీటర్లు ఆవిరైతే, మిగిలిన ఎనిమిది లీటర్లలో అదే 150 గ్రాములు ఉంటుంది, అంటే లీటరుకు దాదాపు 19 గ్రాములు. ఇప్పుడు ఉప్పునీళ్ల ట్యాంకు కదా అని మళ్లీ రెండు లీటర్ల ఉప్పునీళ్లు పోస్తే మొత్తం 180 గ్రాములవుతుంది, పోసిన ప్రతిసారీ ఉప్పు పెరుగుతూనే పోతుంది. కాబట్టి తగ్గినంతా మామూలు ఆర్వో నీళ్లతోనే నింపాలి. మొదటి రోజే గాజు మీద నీటి మట్టం దగ్గర ఒక చిన్న టేపు ముక్క అంటించండి. ఎండాకాలంలో రెండు రోజులకోసారి, వానాకాలం చలికాలాల్లో వారానికోసారి ఆ గీత దాకా నింపితే సరి. కొలవడాలు, లెక్కలు ఏవీ రోజూ అక్కర్లేదు. గాజు మూత పెట్టి కాస్త సందు వదిలితే ఆవిరి ఇంకా తగ్గుతుంది. మూత అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుంటే తడిగుడ్డతో తుడిచేయండి, చాలు.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం, ఎండ. ఈ రొయ్యలకు 20 నుంచి 27 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. మనకు ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది, డాబా కింది గదిలో రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది, ఉప్పునీళ్లలో అది ఇంకాస్త తక్కువ. పైగా వేడికి రొయ్య ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. రెండు వైపులా దెబ్బే. ఏసీ గది ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. మాకు లేదు, కాబట్టి నేను చేసేవి చెబుతా. ట్యాంకును ఉత్తరం వైపు గదిలో, బల్ల మీద కాకుండా నేల మీదే పెట్టాను. మా ఇంటి నేల తాడిపత్రి బండలది. మధ్యాహ్నం రెండింటికి కూడా ఆ బండ మీద చాప లేకుండా పడుకుంటే ఎంత చల్లగా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, ట్యాంకు అడుగుకు కూడా ఆ చల్లదనమే అందుతుంది. గాజుకు మూడు వైపులా గోనెసంచి చుట్టి పొద్దున, మధ్యాహ్నం తడుపుతాను. మరీ మండిపోయే రోజుల్లో మూత తీసి సన్నటి గుడ్డ కట్టి, చిన్న ఫ్యాను గాలి నీటి మీదుగా పోయేలా పెడతాను. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, బదులుగా నీళ్లు తొందరగా ఆవిరవుతాయి, ఆ రోజుల్లో టేపు గీతను రోజూ చూసుకోవాలి. ఐసు ముక్కలు వేసే ఆలోచన మాత్రం వద్దు, ఒక్కసారిగా చల్లబడి మళ్లీ వేడెక్కడం కన్నా మెల్లగా ఎక్కి దిగే వేడే వాటికి నయం. ట్యాంకు కూడా మరీ చిన్నది తీసుకోకండి, ఒకటి రెండు లీటర్ల గాజు సీసా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ మన వేడికి అది గంటలో మారిపోతుంది. కనీసం పది లీటర్లు, వీలైతే ఇరవై.

బండల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. తాడిపత్రి బండ సున్నపురాయి. పాలిష్ పట్టని, రంగు, నూనె తగలని చెక్కుముక్కలు నాలుగు బాగా కడిగి ఎండబెట్టి ట్యాంకులో పేర్చుకోవచ్చు. నీళ్లు పులుపు వైపు పోయే పరిస్థితి వస్తే సున్నపురాయి మెల్లగా కరిగి ఆపుతుంది, ఈ రొయ్యలకు పీహెచ్ 8 దాటి ఉండటమే ఇష్టం. రాయి మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి, బుడగలొస్తే సున్నపురాయే. వాటితో పాటు నర్సరీల్లో దొరికే లావా రాళ్లు తప్పక పెట్టండి, వాటి నిండా బొక్కలే, బ్యాక్టీరియాకు, రొయ్యలకు రెండింటికీ ఇళ్లు. రాళ్లు ఒకదాని మీద ఒకటి కాస్త సందులు వదిలి పేర్చి, పైన ఒక పాత మంగళూరు పెంకు ముక్క బోర్లించండి. ఆ చీకటి ఎందుకో పిల్లల సంగతి దగ్గర చెబుతా.

ఇంట్లో ఇంకో ప్రమాదం ఉంది, అది దోమల మందు. గోడకు పెట్టే లిక్విడ్ మెషిన్లు, బొద్దింకల స్ప్రే, అలమరల్లో గీసే చాక్‌పీసు, వీటిలో వాడేవి పురుగుల నరాల మీద పనిచేసే మందులు. పురుగూ రొయ్యా దూరపు చుట్టాలే, పురుగును చంపేది రొయ్యనూ చంపుతుంది. మా ఇంట్లో ట్యాంకున్న గదిలో దోమతెర తప్ప ఇంకేమీ లేదు. వీధిలోకి ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూసి ట్యాంకు మీద తడిగుడ్డ కప్పుతాం. స్ప్రే కొట్టిన చేత్తో, శానిటైజర్ రాసుకున్న చేత్తో నీళ్లలో చేయి పెట్టకూడదు.

అన్నీ పేర్చి, ఉప్పునీళ్లు పోశాక, వెంటనే రొయ్యలు తెచ్చేయకండి. కిటికీ వెలుతురో ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బో రోజుకు ఎనిమిది గంటలు పడేలా చూసి, నెలో రెండు నెలలో అలా వదిలేయండి. రాళ్ల మీద పచ్చగా, గోధుమ రంగుగా పొర కట్టాలి, కుళ్లు వల్ల నీళ్లలో చేరే విషాలు అమ్మోనియా, నైట్రైట్ రెండూ టెస్ట్ కిట్‌లో సున్నా చూపించాలి. ఈ ఎదురుచూపు లేకుండా చేసిన ట్యాంకుల్లోనే రొయ్యలు పోతుంటాయి. తిండి అప్పటికే గాజు మీద పండి ఉండాలి, అప్పుడు అవి రావాలి.

నావి బెంగళూరులో చాలా ఏళ్లుగా వీటిని పెంచుతున్న ఒక మిత్రుడి ట్యాంకులో పుట్టినవి. రాత్రి బస్సులో, ఆక్సిజన్ నింపిన కవరులో తెచ్చుకున్నా. తెచ్చినవాటిని కొత్త నీళ్లకు అలవాటు చేయడానికి మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్ కన్నా మంచి పరికరం లేదు. కవరులో నీళ్లతో సహా రొయ్యల్ని ఒక గిన్నెలో పోసి, ట్యాంకు నీళ్లను సెలైన్ గొట్టం గుండా చుక్క చుక్కగా ఆ గిన్నెలోకి వదలాలి, చక్రం తిప్పి వేగం మనకు కావలసినట్టు పెట్టుకోవచ్చు. రెండు మూడు గంటలు పట్టనివ్వండి. ప్రయాణం బడలికకు అవి రంగు పోయి పాలిపోయి, గాజులాగా కనిపిస్తాయి, చూసి భయపడొద్దు. కుదురుకున్నాక ఎరుపు దానంతటదే తిరిగొస్తుంది. పది లీటర్లకు పదిహేనో ఇరవయ్యో తెచ్చుకుంటే మొదలుపెట్టడానికి బాగుంటుంది, ఇవి గుంపు ప్రాణులు, నాలుగైదు ఉంటే దాక్కునే ఉంటాయి.

తిండి గురించి మా అమ్మకు మొదట్లో ఉన్న దిగులు ఇంతా అంతా కాదు. "ఏంరా, ఆ మూగజీవాలకు ఏమన్నా యేస్తివా, ఊరికే నీళ్లల్లో పెట్టి సూస్తాండావు" అని రోజూ అడిగేది. వేయకపోవడమే వాటికి మేలు అని ఒప్పించడం కష్టమే అయింది. మనం వేసింది మిగిలితే కుళ్లుతుంది, కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, ఫిల్టర్ లేని ట్యాంకులో దాన్ని పట్టుకునేవాళ్లు తక్కువ. గాజు మీద పచ్చదనం ఉన్నంత కాలం ఏమీ వేయక్కర్లేదు. మరీ శుభ్రంగా గీకేశాయి అనిపిస్తే, రెండు మూడు వారాలకోసారి స్పిరులినా పొడి పళ్ల పుల్ల మొనకు అంటినంత వేస్తే సరిపోతుంది. ఇప్పుడు ఆ పుల్ల అమ్మ చేతిలోనే ఉంటుంది, నన్ను ముట్టుకోనివ్వదు.

ఇక పిల్లల సంగతి. ఈ రొయ్యల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

హవాయిలో గుంటల్లో వేల రొయ్యలు కనిపించినా గుడ్లు మోసే ఆడవి పైన చాలా అరుదు. అవి అడుగున పగుళ్ల చీకట్లోకి పోయి ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. మనం రాళ్లు సందులు వదిలి పేర్చింది, పెంకు బోర్లించింది అందుకే. ట్యాంకు కుదురుకోవాలి, కొన్ని నెలలు దాన్ని కదపకూడదు, రాళ్లు సర్దకూడదు, ఉప్పదనం అటూ ఇటూ పోకూడదు. మా ఇంట్లో ఎండలు తగ్గి వానలు మొదలై నీళ్లు చల్లబడ్డాకే మొదటి గుడ్ల తల్లి కనిపించింది. వేసవి పొడవునా ఆ జాడే లేదు, కాబట్టి మన ప్రాంతంలో ఎవరైనా మే నెలలో పెట్టి పిల్లలు రాలేదే అని బాధపడితే, ఇంకొంచెం ఆగమని చెబుతాను.

గుడ్లు కడుపు కింద, ఈత కాళ్ల మధ్య గుత్తిగా ఉంటాయి. ముదురు ఎరుపు, నేరేడు రంగు కలిసినట్టుంటాయి. పదీ పదిహేను, అంతకన్నా పెద్దగా ఉండవు. ఒంటితో పోలిస్తే గుడ్డు చాలా పెద్దది, అందుకే సంఖ్య తక్కువ. తల్లి వాటిని ఒక్క క్షణం గాలికి వదలదు, కాళ్లతో విసురుతూనే ఉంటుంది, మధ్యమధ్యలో ఒక గుడ్డును కాలితో దొర్లించి, తుడిచి, మళ్లీ గుత్తిలో పెడుతుంది. ఇది చూడాలంటే పొద్దున లైటు వేసిన వెంటనే, పెంకు అంచు దగ్గర ఓపిగ్గా కూర్చోవాలి. 22, 23 డిగ్రీల దగ్గర గుడ్లు పొదగడానికి దాదాపు 38 రోజులు పడుతుందని 1978లో అచ్చయిన ఒక పరిశోధన చెబుతోంది. రోజులు దగ్గరపడే కొద్దీ గుడ్డు రంగు పలచబడి లోపల రెండు నల్లటి కళ్లు కనిపిస్తాయి. ఆ కళ్లు కనిపించాయంటే ఇంకెంతో కాలం లేదు.

బయటికొచ్చే పిల్ల రొయ్యలాగా ఉండదు. తల కిందికి, తోక పైకి పెట్టి నీళ్లలో వేలాడుతుంది, అప్పుడప్పుడు ఒక్కసారి ఎగిరి మళ్లీ ఆగుతుంది. ఒంట్లో నారింజ రంగు సొన చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సొనే దాని సద్ది. జోయియా అనే నాలుగు లార్వా దశలు, ఆ తర్వాత ఇంకో దశ దాటేదాకా, అంటే దాదాపు నెల రోజులు, బయటి తిండి కోసం వెతుక్కోకుండా దాని మీదే గడిపేయగలదు. చివరికి ఒక రోజు రాతి మీద దిగి, తల్లిలాగే చేతులతో గీకడం మొదలుపెడుతుంది, పొడవు మాత్రం మిల్లీమీటర్ల లెక్క.

ఈ సొన ఎంత పెద్ద వరమో తెలియాలంటే అమానో రొయ్యల పెంపకం గురించి తెలియాలి. జపాన్ అక్వేరియం డిజైనర్ తకాషి అమానో నాచు తినే రొయ్యలుగా ప్రచారంలోకి తెచ్చినవి అవి, పెద్దవి మంచినీళ్లలో హాయిగా బతుకుతాయి. కానీ ఒక తల్లి వేలల్లో గుడ్లు పెడుతుంది, గుడ్డు ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. అందులోంచి వచ్చే పిల్లకు సద్ది లేదు, వెంటనే కంటికి కనబడని పచ్చటి సముద్రపు నాచు కావాలి, వెంటనే ఉప్పునీళ్లు కావాలి, మంచినీళ్లలో కొన్ని రోజులకే చచ్చిపోతుంది. పెరిగాక మళ్లీ మంచినీళ్లకు మార్చాలి. అంటే పిల్లలకు వేరే ట్యాంకు, వేరే నీళ్లు, సీసాల్లో నాచు సాగు. చేసేవాళ్లున్నారు, వాళ్లకు దండం. ఓపయ్ ఉలాకు తల్లి ఉన్న నీళ్లే పిల్లకూ చాలు, పెద్దవి పిల్లల్ని తినవు, వేరు చేయాల్సిన పనీ లేదు. ఫిల్టర్ లేకపోవడం ఇక్కడ ఇంకో లాభం, ఆ తేలే పిల్లల్ని పీల్చేసేది ఏదీ ఉండదు. చేపల్ని మాత్రం ఎంత చిన్నవైనా వీటితో పెట్టకండి. ఎవరైనా తోడు కావాలంటే మన చెరువుల్లో, కాలువల్లో దొరికే పొడుగు మొన తిరిగిన చిన్న నత్తలు, మలేషియన్ ట్రంపెట్ నత్తలంటారు, వాటిని మెల్లగా ఉప్పుకు అలవాటు చేస్తే బతుకుతాయి, అడుగున పేరుకున్నదాన్ని కలియదున్నుతాయి.

ఆన్‌లైన్‌లో ఈ రొయ్యల్ని పూర్తిగా మూసేసిన గాజు గోళాల్లో పెట్టి అమ్ముతుంటారు, మూడో నాలుగో రొయ్యలు, ఒక కొమ్మ, కొంచెం నాచు. మూసిన పాత్రలో జీవావరణం తనంతట తాను ఎంతకాలం నడుస్తుందని 1980ల్లో నాసా వాళ్ల జెట్ ప్రొపల్షన్ ల్యాబరేటరీలో జరిగిన పనికీ ఈ గోళాలకూ సంబంధం ఉంది, ఆ పరిశోధన మీద నాకు గౌరవమే. కానీ షోకేసు బొమ్మగా కొనడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఇరవై ఏళ్లు బతకగల ప్రాణి ఆ గోళాల్లో మామూలుగా రెండు మూడేళ్లకే అయిపోతుంది. లోపల తిండి చాలదు, నీళ్లు పాడైతే బయటి నుంచి సాయం చేసే దారి లేదు, పిల్లలు పుట్టడం దాదాపు ఉండదు. మన ఊళ్లో అయితే మే నెలలో ఆ గోళం కిటికీ దగ్గర ఒక్క మధ్యాహ్నం ఉంటే చాలు. గృహప్రవేశానికో పుట్టినరోజుకో ఎవరికైనా ఇవ్వాలనుకుంటే దయచేసి అది ఇవ్వకండి. అదే డబ్బుతో ఒక గాజు ట్యాంకు, ఉప్పు, రాళ్లు వస్తాయి.

కొనేటప్పుడు ఇంకో సంగతి అడగండి, అవి పట్టి తెచ్చినవా, ట్యాంకులో పుట్టినవా అని. హవాయిలో ఆ గుంటలు ఇప్పటికే చాలా దెబ్బతిన్నాయి. ఒడ్డున కట్టడాలొచ్చి కొన్ని పూడిపోయాయి, ఇంకొన్నిటిలో మనుషులు గప్పీలు, తిలాపియా వదిలారు. తిలాపియా అంటే మన చెరువుల దగ్గర జిలేబి చేప అనేదే, ఎక్కడ వేసినా బతికేస్తుంది, అక్కడున్నవాటిని బతకనివ్వదు. చేపలున్న గుంటల్లో ఈ రొయ్యలు పగలంతా పగుళ్లలోనే దాక్కుని రాత్రి మాత్రమే బయటికొస్తున్నాయి. రాళ్ల మీద పొర మేసేవాళ్లు లేక గుంట రూపమే మారిపోతుంది. అక్కడి నుంచి పట్టి తెచ్చినవి మనకెందుకు? ఇంట్లో ఇంత సులువుగా పిల్లలు పెట్టే జీవి ఇది. అలాగే ఇక్కడ ఎక్కువైపోయాయని బావిలోనో చెరువులోనో వదలడం కూడా వద్దు.

మా ట్యాంకులో ఇప్పుడు పిల్లలు బాగానే ఉన్నాయి. మన జిల్లాలో ఎవరైనా పెంచాలనుకుంటే ఊరికే ఇస్తాను, డబ్బులొద్దు. ఒక్కటే షరతు, ముందు మీ ట్యాంకు ఫొటో చూపించాలి, గాజు మీద పచ్చగా పట్టి ఉండాలి. ఇప్పుడే ఉప్పు కలిపి, రాళ్లు పేర్చి మొదలుపెడితే రెండు నెలల్లో తయారవుతుంది. అవి తీసుకుపోవడానికి మూత బిగుతుగా ఉండే ఒక లీటరు ప్లాస్టిక్ డబ్బా, ఒక సెలైన్ సెట్ మీరే తెచ్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఇవ్వను, దసరా దాటాక రండి.